గాయ్‌రాన్‌లో సోలార్ ప్లాంట్: ఠరావ్ ఇచ్చే ముందు ఊరు ఏం అడగాలి?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. నేను బోధన్ దగ్గర పుట్టి, మహారాష్ట్రలో బిలోలి తాలూకాలో ఒక ఊరికి కోడలిగా వచ్చాను. రెండేళ్ల నుంచి సర్పంచ్‌గా ఉన్నాను. మా ఊరిని ఆనుకునే సబ్‌స్టేషన్ ఉంది. దాని దగ్గర 40 ఎకరాల్లో 10 మెగావాట్ల సోలార్ ప్లాంట్ పెడతామని ఒక కంపెనీ తరఫున ఏజెంట్ తిరుగుతున్నాడు. అందులో 22 ఎకరాలు గాయ్‌రాన్ (ఊరి ఉమ్మడి మేత భూమి), 18 ఎకరాలు నలుగురు రైతులవి. ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని పథకం కింద వస్తుందట, గ్రామసభ ఠరావ్ (తీర్మానం) ఇవ్వాలట. ఊరికి కమాన్ (స్వాగత తోరణం) కట్టిస్తాం, మారుతి గుడికి రంగులు వేయిస్తాం, 25 మందికి ఉద్యోగాలిస్తాం అంటున్నాడు. భూమి ఉన్న నలుగురూ సంతోషంగా ఉన్నారు. గొర్రెలు, మేకలు కాసుకునేవాళ్లు, కూలికి పోయేవాళ్లు మాత్రం పొద్దున లేస్తే మా గుమ్మం ముందు కూర్చుని ‘మా సంగతేంది’ అంటున్నారు. ఎక్కువ అడిగితే కంపెనీ పక్క ఊరికి పోతుందని, చెడ్డపేరు నాకొస్తుందని మా ఆయన భయం. అసలు మేము ఏం అడగొచ్చు? కమాన్ వద్దంటే ఊరి పెద్దమనుషులు అలుగుతున్నారు, అదొక టెన్షన్.
- ఒక సర్పంచ్, నాందేడ్ జిల్లా

సమాధానం: 

చెల్లెమ్మా, ముందు మీ ఆయన భయం సంగతి చూద్దాం. అది తీరితేగానీ మిగతావి అడగడానికి మీకు నోరు రాదు.

కంపెనీ పక్క ఊరికి పోవచ్చు. సబ్‌స్టేషన్ పోదు కదా. ఈ పథకం నడిచేదే సబ్‌స్టేషన్ చుట్టూ. ప్లాంట్‌లో తయారైన కరెంటును లైన్ లాగి అక్కడికి చేర్చాలి. దూరం పెరిగిన కొద్దీ స్తంభాలు, తీగల ఖర్చు, దారిలో పడే పొలాల వాళ్లతో పేచీలు, వృథాగా పోయే కరెంటు అన్నీ పెరుగుతాయి. 5 కిలోమీటర్ల లోపు భూమి కోసం అందరూ వెతికేది అందుకే. మీ ఊరి గాయ్‌రాన్ సబ్‌స్టేషన్‌ను ఆనుకుని ఉందంటే ఏజెంట్‌కు మీతో ఉన్న అవసరం మీకు అతనితో ఉన్న అవసరం కంటే పెద్దది. అతను ఆ మాట చెప్పడు, చెప్పకపోవడమే అతని ఉద్యోగం.

అయితే ఒక సంగతి తెలుసుకుని మాట్లాడండి. గాయ్‌రాన్‌ను చూసుకునేది పంచాయతీ అయినా సొంతదారు ప్రభుత్వం. భూమి కంపెనీ చేతికి వెళ్లేది కలెక్టర్ ఆఫీసు ద్వారా. కాబట్టి మీ ఠరావ్ బ్రహ్మాస్త్రం కాదు. కానీ ఊరంతా ముఖం తిప్పుకున్న చోట 25 ఏళ్ల పాటు గాజు పలకలు పరుచుకుని కాపలా కాయడం ఏ కంపెనీకైనా కష్టమే. మీ బలం అక్కడుంది. ఆ బలం కూడా ఠరావ్ మీద సంతకం పడే దాకానే. తర్వాత మీరు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు మారిపోతారు.

ఇప్పుడు పథకంలోనే మీకు రావలసినవి చూద్దాం. 2023లో మార్చిన పద్ధతి ప్రకారం ప్రైవేటు భూమికి హెక్టారుకు ఏడాదికి కనీసం 1 లక్షా 25 వేల కిరాయి, దాని మీద ఏటా 3 శాతం పెరుగుదల. ఎకరానికి సుమారు 50 వేలు పడుతుంది. వానను నమ్ముకుని సోయాబీన్, కంది వేసే మన వైపు ఇది మంచి ధర. ఆ నలుగురి సంతోషంలో తప్పేమీ లేదు. 18 ఎకరాలకు మొదటి ఏడు సుమారు 9 లక్షలు వాళ్ల ఇళ్లకు వస్తాయి.

గాయ్‌రాన్ సంగతి వేరు. ప్రభుత్వ భూమిని ఈ పథకంలో ఇచ్చేది ఏడాదికి 1 రూపాయి నామమాత్రపు కిరాయికి. అవును, ఒక్క రూపాయి. దానికి బదులన్నట్టుగా ఊరి అభివృద్ధి పనులకని పంచాయతీకి ఏడాదికి 5 లక్షల చొప్పున 3 ఏళ్లు, మొత్తం 15 లక్షలు ఇస్తారు. ఇది ప్రభుత్వం ఇచ్చేది, కంపెనీ దయ కాదు. ఏజెంట్ దీన్ని తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు చెబితే నవ్వి ఊరుకోండి. ఈ డబ్బు ఎప్పుడు, ఏ ఖాతాలోకి వస్తుందో గ్రామసేవక్‌తో కలిసి బీడీవో ఆఫీసులో, కరెంటు పంచే మహావితరణ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

డబ్బు వచ్చేది 3 ఏళ్లు, ప్లాంట్ ఉండేది 25 ఏళ్లు. మీ గుమ్మం ముందు కూర్చున్నవాళ్ల గొర్రెలకు గడ్డి పోయేది కూడా 25 ఏళ్లే. మీరు కంపెనీని అడగాల్సింది ఈ మధ్యలో మిగిలిన 22 ఏళ్ల గురించి.

ఇలాంటి చోట ముందే దెబ్బ తిన్నవాళ్ల కథ ఒకటి చెబుతాను. కర్ణాటకలో తుమకూరు జిల్లా పావగడ. అక్కడా మనలాగే ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంకో భాష. ఆ కరువు సీమలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ పెట్టారు. భూమి కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలకు కిరాయికి తీసుకున్నారు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి అమ్ముకోకుండా డబ్బు రావడం మంచి ఆలోచనే. ఎక్కువ ఎకరాలు ఉన్నవాళ్లు బాగుపడ్డారు. వాళ్ల పొలాల్లో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన కూలివాళ్లకు మాత్రం కిరాయి ఒప్పందంలో వాటా లేదు, పొలమే లేకుండా పోయాక పనీ లేదు. కిరాయి భూమికి వచ్చింది, ఊరికి రాలేదు. మీ 40 ఎకరాలు దాని ముందు చీమంత. అయినా లెక్క అదే లెక్క.

కంపెనీకి ఎంత వస్తుందో కూడా ఉజ్జాయింపుగా వేసుకుందాం. మన ఎండకు 1 మెగావాట్ ప్లాంట్ ఏడాదికి 16 లక్షల యూనిట్ల చుట్టూ ఇస్తుంది. ఈ పథకంలో యూనిట్ ధర 3 రూపాయల అటూ ఇటూ. అంటే 10 మెగావాట్లకు ఏడాదికి 4 కోట్ల 80 లక్షల దాకా అమ్మకం. పలకలు పాతబడ్డ కొద్దీ కొంచెం తగ్గుతుంది. అందులో 1 శాతం అంటే 4 లక్షల 80 వేలు. సర్కారు ఇచ్చే 5 లక్షలకు దాదాపు సమానం, కానీ ఏటా, ప్లాంట్ ఉన్నన్నాళ్లూ.

1 శాతం గాలిలోంచి తీసిన అంకె కాదు. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వం సోలార్, గాలిమర టెండర్లు పిలిచినప్పుడు ఈ షరతు టెండర్‌లోనే పెట్టింది: అమ్మకంలో కనీసం 1 శాతం, వీలైతే 1.5 శాతం చుట్టుపక్కల జనం కోసం ఖర్చు పెట్టాలి. చుట్టుపక్కల అంటే 50 కిలోమీటర్లని కూడా చెప్పింది. పైగా ప్రాజెక్టులో కనీసం 2.5 శాతం వాటా స్థానికుల పేర ఉండాలంది. స్కాట్లాండ్‌లో గాలిమరల కంపెనీలు మెగావాట్‌కు ఏడాదికి 5,000 పౌండ్లు ఊళ్లకు ఇవ్వడం ఆనవాయితీ అయింది, అక్కడ చట్టం బలవంతం చేయకపోయినా.

మన దగ్గర అలాంటి షరతు టెండర్‌లో లేదు. టెండర్ గెలిచిన కంపెనీ మూడు రూపాయల లెక్కలో పైసా పైసా కోసుకునే వచ్చి ఉంటుంది. అందుకని మీరు 1 శాతం అడగ్గానే తీసి ఇస్తారని నేను ఆశ పెట్టను. అర శాతం దగ్గర తెగినా మంచిదే. కానీ అడిగేటప్పుడు ‘మెగావాట్‌కు ఏడాదికి ఇంత’ అనే అడగండి. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే మొత్తం అడగకండి. కమాన్ అలాంటిదే కదా, కట్టిన రోజు ఫోటో, ఆరేడు ఏళ్లకు పెచ్చులు.

వాళ్లు ‘సీఎస్సార్ కింద చేస్తాం’ అనొచ్చు. ఆ మాటకు పడిపోకండి. సీఎస్సార్ అంటే కంపెనీ సమాజం కోసం పెట్టే ఖర్చు. చట్టం ప్రకారం లాభంలో 2 శాతం ఆ ఖర్చు పెట్టాల్సింది పెద్ద కంపెనీలే: లాభం 5 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా అప్పులు పోను ఆస్తి విలువ 500 కోట్లు దాటినవి. ఇలాంటి ప్లాంట్లకు సాధారణంగా ఒక్కో ప్రాజెక్టు కోసం విడిగా ఒక చిన్న కంపెనీ పుట్టిస్తారు. పెద్ద కంపెనీ పేరు బోర్డు మీద ఉంటుంది, సంతకం చేసేది ఈ పిల్ల కంపెనీ. దానికి మొదటి ఏళ్లలో బ్యాంకు అప్పు, వడ్డీ పోగా అంత లాభం ఎక్కడిది? సీఎస్సార్ అన్న మాట గాల్లోనే ఉండిపోతుంది. అందుకే లాభం మీద కాకుండా మెగావాట్ మీద అడగమన్నది.

డబ్బు ఒక ఎత్తు. కంపెనీకి పెద్దగా ఖర్చు కాకుండా ఊరికి చాలా మేలు చేసేవి కొన్ని ఉన్నాయి. నన్నడిగితే బేరం ముందు వీటి మీద పెట్టండి.

ఆ 25 ఉద్యోగాలు నిజమే, కట్టే నాలుగైదు నెలలు. గుంతలు తీయడం, స్తంభాలు నాటడం, పలకలు మోయడం. ప్లాంట్ మొదలయ్యాక 10 మెగావాట్లకు మిగిలేది కాపలావాళ్లు, పలకలు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, ఒకరిద్దరు టెక్నీషియన్లు. ఎక్కువ భాగం పని గడ్డి, దుమ్ము చుట్టూనే. ఈ పనిని ఎక్కడో నాందేడ్‌లో కూర్చున్న కాంట్రాక్టర్‌కు కాకుండా మీ ఊరి ఆడవాళ్ల బచత్ గట్‌కు (పొదుపు సంఘానికి) కాంట్రాక్టుగా ఇమ్మని రాయించండి. కూలి పోగొట్టుకునేది ఎక్కువగా వాళ్లే. కాంట్రాక్టు గట్ పేర ఉంటే మేస్త్రీ మారినా పని పోదు. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి నడుపుతున్న సూర్యమిత్ర సోలార్ శిక్షణకు ఇప్పుడే వాళ్లను పంపండి. ప్లాంట్ వచ్చాక పంపితే అప్పటికే ఆ కుర్చీలో ఎవరో ఉంటారు.

గొర్రెల సంగతి. పలకల కింద గడ్డి పెరుగుతూనే ఉంటుంది, దాన్ని కోయించడం కంపెనీకి ఖర్చు. గొర్రెలను లోపల మేపనిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. చాలా దేశాల్లో ఇలా చేస్తున్నారు. పలక కింది అంచు భూమికి కాస్త ఎత్తులో ఉండేలా డిజైన్‌లోనే చూసుకోవాలి, తీగలు గొట్టాల్లో పెట్టాలి. గడ్డి మందు కొట్టకూడదన్నది కూడా రాయించాలి. లేకపోతే ఒకరోజు మంద మొత్తం జబ్బు పడుతుంది. ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పాలి: ఇది గొర్రెలకే, మేకలకు కాదు. మేక పలక ఎక్కుతుంది, తీగ నములుతుంది, ఇంకేం దొరక్కపోతే సెక్యూరిటీ గార్డు టిఫిన్ తింటుంది. మేకలు కాసేవాళ్లకు వేరే దారి చూడాలి. 22 ఎకరాల్లో ఓ మూడు నాలుగు ఎకరాలు కంచె బయట వదిలేయమని, దారి మధ్యలో మూసేయొద్దని అడగండి. వాళ్లను పిలిచి, ఏ మూల గడ్డి బాగా వస్తుందో వాళ్లనే చూపించమనండి. పటం గీసే ఇంజనీరుకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

దారులు అంటే గుర్తొచ్చింది. గాయ్‌రాన్ మీదుగా ఎవరి పొలానికి బండి బాట ఉందో, శ్మశానానికి ఎటు నుంచి పోతారో, వాన నీళ్లు ఏ ఒర్రెలోకి దిగుతాయో తలాఠీని (ఊరి రెవెన్యూ ఉద్యోగిని) తీసుకెళ్లి నడిచి చూడండి. సాత్‌బారా భూమి రికార్డులో లేని బాటలు కాళ్లకు తెలుస్తాయి. కంచె పడ్డాక ఆ బాటలు మాయమైతే, కింద పొలాల్లో వాన నీరు నిలిస్తే, ఆ గొడవ కంపెనీ గేటు ముందు కాదు, మీ గుమ్మం ముందే. పలకలు కడిగే నీళ్లకు ఊరి బోరు వాడకూడదని, ఎండాకాలం ట్యాంకర్ ఎక్కడి నుంచి తెస్తారో ముందే చెప్పాలని ఠరావ్‌లోనే చేర్చండి. నీళ్లు లేకుండా బ్రష్‌తో తుడిచే యంత్రాలు వచ్చాయి, అవి వాడతారేమో అడగండి.

ఊళ్లో ఒక అపోహ ఉండి ఉంటుంది, దాన్ని మీరే తీర్చాలి. ‘మన ఊళ్లో ప్లాంట్ వస్తే ఇళ్లకు కరెంటు ఫ్రీ’ అని. కాదు. కరెంటు సబ్‌స్టేషన్‌కు పోతుంది, అక్కడి నుంచి వ్యవసాయ ఫీడర్‌కు, అంటే బోర్లకు కరెంటు మోసే లైనుకు. ఈ పథకం ఉద్దేశమే బోర్లకు పగలు కరెంటు ఇవ్వడం. రాత్రి రెండింటికి లేచి టార్చి పట్టుకుని, పాములు తిరిగే గట్ల మీద మోటార్ వేయడానికి పోయే బాధ తప్పుతుంది. అది చిన్న మేలు కాదు. కానీ ఆ మేలు ఏ ఫీడర్‌కు అందుతుందో చూసుకోండి. మీ సబ్‌స్టేషన్ నుంచి పోయే ఫీడర్లలో మీ రైతుల బోర్లు ఉన్నది చేర్చారా లేదా అని మహావితరణ్ ఆఫీసులో అడగండి. ప్లాంట్ మన గాయ్‌రాన్‌లో, పగటి కరెంటు పక్క ఊరికి అయితే మీ మామగారి వయసు వాళ్లకు నేను సమాధానం చెప్పలేను.

ఆ 15 లక్షలను ఏం చేయాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. పంచాయతీ నెత్తిన వీధి దీపాలు, మంచినీళ్ల మోటార్ బిల్లులు ఎప్పుడూ ఉంటాయి. నీళ్ల మోటార్‌కు, బడికి, పంచాయతీ ఆఫీసుకు పైకప్పు సోలార్ పెట్టించుకుంటే డబ్బు అయిపోయాక కూడా మిగులు కనిపిస్తుంది. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా ఓడన్‌తురై పంచాయతీ 2006లో ఇంకా పెద్ద ధైర్యం చేసింది. తన డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి కోటీ 55 లక్షలు పెట్టి 350 కిలోవాట్ల గాలిమరను సొంతంగా కొనుక్కుంది. ఊరి అవసరానికి పోను మిగిలిన కరెంటు బోర్డుకు అమ్మింది. రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో పంచాయతీలు, రైతు సంఘాలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్ పెట్టుకునే దారి పెట్టారు. కానీ మొదటిసారే అంత అప్పులోకి మిమ్మల్ని దూకమనను. ముందు ఈ ప్లాంట్‌ను నాలుగేళ్లు దగ్గర నుంచి చూడండి.

ఆ నలుగురు రైతులకు నా తరఫున కొన్ని మాటలు చెప్పండి. నేను నాందేడ్‌లో చాలా ఏళ్లు దస్తావేజులు రాసే పని చేసినవాణ్ని. ఎన్నో కాగితాలు బాగానే రాశాను, ఒకటి మాత్రం చెడగొట్టాను. దెగ్లూరు వైపు మా బావమరిది పొలంలో ఒక కంపెనీ మొబైల్ టవర్ పెట్టింది. ఆ కిరాయి పత్రం రాసింది నేనే. కొన్నేళ్లకు కంపెనీ చేతులు మారింది, మళ్లీ మారింది, కిరాయి ఆగిపోయింది. నోటీసు ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. టవర్ మాత్రం కదల్లేదు, దాని కింద దుక్కి దున్నలేక, తుప్పు పట్టిన ఇనుము అమ్ముకోలేక మా బావమరిది ఏళ్ల తరబడి నన్ను చూసినప్పుడల్లా దానివైపు వేలు చూపించేవాడు. కంపెనీ మారితే కొత్తవాళ్లు ఏం చేయాలో, చివర్లో సామాను ఎవరు తీయాలో నేను ఒక్క వాక్యం రాయలేదు. అప్పట్లో ఎవరూ రాసేవారు కాదు, అదొక సాకు.

కాబట్టి పత్రంలో ఇవి ఉండాలి. ప్లాంట్ అమ్మినా, కంపెనీ పేరు మారినా కొత్త యజమాని ఈ షరతులన్నిటికీ కట్టుబడాలి. కిరాయి ఇన్ని నెలలు ఆగితే పత్రం రద్దు. గడువు అయ్యాక స్తంభాలు, సిమెంటు దిమ్మలు, తీగలతో సహా తీసి భూమిని దున్నడానికి పనికొచ్చేలా అప్పగించాలి. దానికి కొంత డబ్బు ముందే బ్యాంకులో డిపాజిట్‌గా ఉండాలి. పగిలిన పలకలను ఒర్రెలో పారేయకూడదు, 2022 ఈ-వేస్ట్ నియమాల్లో సోలార్ పలకలు కూడా ఉన్నాయి. కంపెనీ బ్యాంకులో తాకట్టు పెట్టేది తన కిరాయి హక్కునే, రైతు యాజమాన్యాన్ని కాదు, ఇది విడమరిచి రాయాలి. 3 శాతం పెరుగుదల మొదటి అంకె మీదా, కిందటి ఏడు అంకె మీదా అన్నది కూడా. పత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాలి, ఏడాదికి మించిన కిరాయికి నోటరీ కాగితం చెల్లదు. ఇంకో చిన్న సంగతి: ఈ కిరాయి పంట ఆదాయం కిందికి రాదు, ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. వ్యవసాయం ఆపేసిన భూమికి పీఎం కిసాన్ రాదు. ఆ భూమిని ఎవరైనా బటాయికి (పాలుకు) చేస్తుంటే పంట కోసుకునే గడువు ఇవ్వమనండి, అది పత్రం కన్నా ముందు మర్యాద.

మన దగ్గర రాతకున్న విలువ మీకు గోదావరి మీది బాబ్లీ బ్యారేజీని చూస్తే తెలుస్తుంది. గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలని ఏళ్ల తరబడి రెండు రాష్ట్రాలు కొట్టుకున్నాయి. 2013లో సుప్రీంకోర్టు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని తారీఖులతో రాసింది. ఇప్పుడు జులై 1న ఎవరి మనసులో ఏమున్నా గేట్లు లేస్తాయి. మీ ఠరావ్‌లో కూడా ‘తగిన సమయంలో’, ‘వీలైనంత’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేసి తారీఖు, అంకె వేయించండి.

గ్రామసభ రోజుకు వారం ముందే కంపెనీ కాగితాలు మరాఠీలో తెప్పించండి, ఇంగ్లీషువి వద్దనండి. సభలో మరాఠీలో చదివించాక మీరే తెలుగులో చెప్పండి. గొర్రెలు కాసేవాళ్లు, ముసలమ్మలు సగం మందికి ఆఫీసు మరాఠీ ఎక్కదు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి చేయి ఎత్తేస్తారు. ఏజెంట్ కాదు, సంతకం చేసే అధికారం ఉన్న కంపెనీ మనిషి వచ్చి సభలో కూర్చోవాలి. షరతులను ఠరావ్‌లో చేర్చి, వాటితో కంపెనీ పంచాయతీకి విడిగా ఒప్పందం రాసి ఇచ్చాకే ఠరావ్ నకలు చేతికివ్వండి.

ఇక కమాన్. పెద్దమనుషులతో తగవు పెట్టుకోకండి, అది కట్టుకోనివ్వండి. అయితే ఠరావ్‌లో దాని పేరు రాయొద్దు, ఊరికిచ్చే లెక్కలో దాని ఖర్చు కలపనివ్వొద్దు. మీద కంపెనీ పేరు ఎంత పెద్దగా రాసుకుంటారో రాసుకోమనండి. కొలత మాత్రం ముందే చెప్పండి, సోయాబీన్ లోడ్ ట్రాక్టర్ తగలకుండా దూరాలి.